భూమి ధర పెరగకపోతే?

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసిన తరువాత చిరాగ్‌పల్లి మసీదు మెట్ల మీద ఒక పెద్దాయన మా కోసం నిలబడి ఉన్నారు. చేతిలో రంగురంగుల కరపత్రం ఉంది. విశాలమైన రోడ్లు, పచ్చని చెట్లు, ఒక ముఖద్వారం, దాని కింద పెద్ద అక్షరాలతో ధర. ఆయన కుమారుడు ఒకప్పుడు మా మదరసాలో చదువుకున్నాడు. ఆరేళ్లుగా జెడ్డాలో పని చేస్తున్నాడు. ఆ ఆరేళ్ల పొదుపు ఇప్పుడు ఈ కాగితం మీద ఆధారపడి ఉంది.

"మౌలానా సాబ్, ఆదివారం లోపు టోకెన్ కట్టకపోతే ధర పెంచుతారట. మీరు ఒక్కసారి దుఆ చేయండి, కట్టేస్తాను" అన్నారు ఆయన.

"దుఆ తప్పక చేస్తాము చాచా. కానీ ముందు భూమిని చూశారా?" అని అడిగాము.

ఆయన చూడలేదు. కంపెనీ వారు కారు పంపిస్తామన్నారట, ఇంకా పంపలేదట.

ఆయనను తప్పుపట్టే అర్హత మాకు లేదు. ఆ సంగతి ముందుకు వెళ్ళాక చెబుతాము. అయితే నేడు హైదరాబాద్ నుండి జహీరాబాద్ మీదుగా కర్ణాటక సరిహద్దు వరకు 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా వెంచర్ల బోర్డులే కనిపిస్తున్నాయి. మన ముస్లిం కుటుంబాలలో గల్ఫ్ సంపాదన, మహర్ సొమ్ము, ఆడపిల్లల పెళ్ళి కోసం దాచినది, హజ్ కోసం కూడబెట్టినది, అన్నీ ఈ బోర్డుల వైపే నడుస్తున్నాయి. కనుక ఈ విషయాన్ని ధర్మం వెలుగులోనూ, బుద్ధి వెలుగులోనూ ఒకసారి పరిశీలించుకోవడం అవసరం.

నిమ్జ్ చెప్పే పాఠం

జహీరాబాద్ ప్రాంతంలో భూమి ధరల చర్చ ఎక్కడ మొదలైనా 'నిమ్జ్' దగ్గరకే చేరుతుంది. 2011లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ ఉత్పాదక విధానంలో భాగంగా ఈ భారీ పారిశ్రామిక మండలి ఆలోచన వచ్చింది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో సుమారు 12,600 ఎకరాలను ఇందుకోసం గుర్తించారు. 2016 జనవరిలో తుది ఆమోదం లభించింది. 2022 జూన్‌లో ఒక రక్షణ పరికరాల పరిశ్రమకు అక్కడ శంకుస్థాపన జరిగింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలోని పన్నెండు పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపినప్పుడు వాటిలో జహీరాబాద్ కూడా ఉంది.

ఈ తేదీలను వరుసగా చదవండి. ప్రాజెక్టు అబద్ధం కాదు. ప్రభుత్వం చెప్పినది ఊహాలోకపు మాట కాదు. కానీ తుది ఆమోదానికీ, మంత్రివర్గం పచ్చజెండాకూ నడుమ ఎనిమిదిన్నర సంవత్సరాలు గడిచిపోయాయి. 2016లో పదేళ్ళ వయసున్న ఆడపిల్ల 2024 నాటికి పెళ్ళీడుకు వచ్చింది. "ఇంకో రెండేళ్లలో రెట్టింపు" అన్న మాట నమ్మి ఆమె పెళ్ళి సొమ్మును మట్టిలో పెట్టిన తండ్రికి, ప్రాజెక్టు నిజమైనంత మాత్రాన ఏ మేలు జరిగినట్లు? వార్త నిజమైనా, దాని గడువు మన చేతిలో ఉండదు.

మరొక సంగతి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలు జహీరాబాద్ పట్టణానికి ఉత్తర దిక్కున ఉన్నాయి. చిరాగ్‌పల్లి పడమట, రాష్ట్ర సరిహద్దున ఉంది. అయినప్పటికీ ఆ కరపత్రంలో 'నిమ్జ్‌కు అతి సమీపంలో' అని రాసి ఉంది. పక్షి ఎగిరే దూరం వేరు, మన స్కూటరు తిరిగే దూరం వేరు. కొనదలచినవారు తమ బండి మీదనే వెళ్లి, మీటరు చూసుకుని రావాలి.

మా పొరపాటు

ఇరవై ఏళ్లకు పైగా మేము విద్యార్థులకు 'హిదాయా' గ్రంథంలోని క్రయవిక్రయాల అధ్యాయం బోధిస్తున్నాము. అమ్మే వస్తువు తెలిసి ఉండాలి, ధర తెలిసి ఉండాలి, అమ్మేవాని అధికారం తెలిసి ఉండాలి. ఈ మూడు షరతులు చెప్పి చెప్పి మా గొంతు అరిగిపోయింది. అయినా 2016లో నిమ్జ్ వార్త వెలువడగానే, తోటి ఉపాధ్యాయులు ఇద్దరు కొంటున్నారని మేము కూడా రహదారి పక్కన ఒక వెంచర్‌లో ప్లాటు కొన్నాము. సగం డబ్బు మాది. మిగిలిన సగం మా ఇల్లాలి నగలు అమ్మగా వచ్చినది.

ఆమె ఆ రోజు ఒకే ఒక ప్రశ్న వేశారు. "ధర పెరగకపోతే?"

మేము నవ్వి ఊరుకున్నాము. ఎందుకు పెరగదు అన్నాము. ఆ ప్రశ్నకు అది జవాబు కాదు.

ఆ వెంచర్‌కు లేఅవుట్ అనుమతి లేదన్న విషయం మాకు తరువాత తెలిసింది. 2020లో మా అమ్మాయి వివాహం నిశ్చయమైంది. ప్లాటు అమ్ముదామని బయలుదేరాము. ఆ సంవత్సరం ఆగస్టులోనే ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను నిలిపివేసింది. క్రమబద్ధీకరణ పథకంలో దరఖాస్తు పెట్టాము కానీ అది ఏళ్ల తరబడి ముందుకు కదలలేదు. పెళ్ళికి బంధువుల దగ్గర చేబదులు తీసుకోవలసి వచ్చింది. ఆ అప్పు తీర్చడానికి నాలుగేళ్లు పట్టింది. ప్లాటు నేటికీ మా పేరుననే ఉంది. దాని అవసరం మాత్రం ఎప్పుడో దాటిపోయింది.

పుస్తకంలో చదివినది వేలంవెర్రి ముందు ఎంత బలహీనమో మాకు అప్పుడు బోధపడింది. తొందరపాటు షైతాన్ వైపు నుండి, నింపాదితనం అల్లాహ్ వైపు నుండి వస్తాయన్న ప్రవక్త (స) ఉపదేశం మాకు తెలియనిది కాదు. ఒంటెను ముందు కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ఉపదేశమూ తెలుసు. మేము ఒంటెను కట్టకుండానే తవక్కుల్ చేశాము.

మొదటి ప్రశ్న: ఎందుకోసం?

హజ్రత్ ఉమర్ (రజి)కు ఖైబర్‌లో ఒక భూమి లభించింది. అంతకంటే విలువైన ఆస్తి ఆయనకు అంతకుముందెన్నడూ దక్కలేదు. ఆయన తిన్నగా దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్లి, దీనిని ఏమి చేయమంటారని సలహా అడిగారు. దాని ధర ఎంతవుతుందని అడగలేదు. భూమిని అలాగే ఉంచి, దాని ఫలసాయాన్ని పేదలకు, బంధువులకు, బాటసారులకు అందించే ఏర్పాటు ఆ సంప్రదింపులో నుండే పుట్టింది. వక్ఫ్ వ్యవస్థకు అది పునాది అయింది.

మన స్థాయిలో మనమూ అదే ప్రశ్న వేసుకోవాలి. ఇల్లు కట్టుకోవడానికా? సేద్యానికా? పిల్లల చదువుకా? లేక అమ్మి లాభం పొందడానికా? ప్రతి ఉద్దేశానికీ తగిన భూమి వేరు. ఇల్లు కట్టుకునేవారికి నీరు, బడి, మసీదు, ఆసుపత్రి దగ్గర ఉండాలి. సేద్యానికి నేల స్వభావం, బోరులో నీళ్లు కావాలి. అమ్మకానికైతే కొనేవారు దొరకాలి. మూడేళ్లలో పెళ్ళికి అవసరమయ్యే డబ్బుకు ఏ ప్లాటూ తగినది కాదు. భూమిని అవసరమైన రోజున ముక్క కోసి అమ్ముకోలేము. బంగారం తీసుకువెళ్లినట్లు బజారుకు తీసుకువెళ్లనూ లేము.

లెక్క వేసి చూడండి

'రెండేళ్లలో రెట్టింపు' అంటే ఏటా సుమారు 41 శాతం పెరగాలి. అయిదేళ్లలో రెట్టింపు కావడానికి ఏటా దాదాపు 15 శాతం చాలు. పదేళ్లలో అయితే ఏడు శాతం పైచిలుకు. ఏ వ్యాపారంలో ఏటా 41 శాతం లాభం నికరంగా వస్తుందో మన ఊరి కిరాణా దుకాణదారునినే అడిగి చూడండి. అంత లాభం ఖాయమైతే అమ్మేవారు తమ దగ్గరే ఉంచుకోక మనకెందుకు అమ్ముతున్నట్లు?

గజాల లెక్కలో మరో రహస్యం ఉంది. ఒక ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. రోడ్లకు, పార్కుకు, ఇతర అవసరాలకు వదలగా అమ్మకానికి మిగిలేది 2,700 గజాలు అనుకుందాం. గజం 6,000 రూపాయల చొప్పున అమ్మితే ఎకరం మీద కోటి 62 లక్షలు వస్తుంది. పక్కనే ఉన్న రైతు పొలం ఎకరం 50 లక్షలకు దొరుకుతున్నదనుకుంటే, మధ్యనున్న కోటి 12 లక్షలు దేనికి? నిజంగా రోడ్లు, మురుగు కాలువలు, విద్యుత్తు, అనుమతులు వచ్చి ఉంటే కొంత సబబే. నాలుగు రాళ్లు పాతి, ముఖద్వారం నిలబెట్టి ఆగిపోతే మనం కొన్నది ముఖద్వారాన్నే. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు మాత్రమే. మీ దగ్గరకు వచ్చిన కరపత్రంలోని అంకెలు పెట్టి ఇదే లెక్క మీరు వేసుకోండి.

రిజిస్ట్రేషన్ వేళ స్టాంపు డ్యూటీ, ఇతర రుసుములు కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం ఉంది. 12 లక్షల ప్లాటుకు అది 90 వేలు. మధ్యవర్తి కమీషన్ అదనం. అంటే భూమి ధర పదో వంతు పెరిగినా మన చేతికి దాదాపు ఏమీ రాదు. ఈ ఖర్చు తగ్గించుకోవడానికి దస్తావేజులో తక్కువ ధర రాయించడం కొందరికి అలవాటు. అది అబద్ధపు సాక్ష్యం. దానిని 'లోకం తీరు' అనడం వల్ల పాపం తగ్గదు.

ఎవరిది ఈ భూమి?

మదీనాకు చేరిన తరువాత దైవప్రవక్త (స) మసీదు నిర్మాణానికి ఎంచుకున్న స్థలం ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నారు. ఆయన అంగీకరించలేదు. ధర చెల్లించే తీసుకున్నారు. అల్లాహ్ గృహానికే హక్కుదారుల విషయంలో ఇంత జాగ్రత్త అవసరమైతే, మన ఇంటికి ఎంత జాగ్రత్త ఉండాలి? ఇతరుల భూమిని జానెడు ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయన్న హెచ్చరిక కొనేవారికి కూడా వర్తిస్తుంది. తెలిసి కొన్నవాడు అందులో భాగస్వామి.

కనుక టోకెన్ ఇవ్వకముందే ఈ కాగితాలు అడగండి. వ్యవసాయ భూమి అయితే 2025 ఏప్రిల్ నుండి ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో సర్వే నంబరు, పట్టాదారు పేరు సరిచూడండి. ఈసీ తీసుకుని తాకట్టులు, పాత అమ్మకాలు చూడండి. లింకు డాక్యుమెంట్లన్నీ ఒక న్యాయవాదికి చూపించండి. ఆయన రుసుము ప్లాటు ధరలో చాలా చిన్న భాగం. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని 1977 చట్టం ప్రకారం అమ్మరాదు, కొనరాదు. నిషేధిత జాబితాలో ఉన్న వక్ఫ్ భూమి ఎంత చవకగా వచ్చినా అది అగ్ని. ఇళ్ల స్థలమైతే వ్యవసాయేతర మార్పిడి, లేఅవుట్ అనుమతి రెండూ ఉండాలి. సరిహద్దు దాటి కర్ణాటక వైపు కొనేవారు అక్కడి చట్టం, అక్కడి కన్నడ రికార్డులు వేరని మరువరాదు.

అమ్మే రైతు కుటుంబంలో అక్కచెల్లెళ్లు ఉన్నారా, వారు సంతకం చేశారా అన్నది తప్పక విచారించండి. మన ముస్లిం కుటుంబాల నుండి కొనేటప్పుడు ఇది మరీ ముఖ్యం. నిసా సూరాలో అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన వాటాను 'చెల్లెలు వద్దన్నది' అనే ఒక్క మాటతో మింగివేసిన ఇళ్లు మన మధ్య ఎన్ని లేవు?

లేని వస్తువు అమ్మకం

మన దగ్గర లేనిదానిని అమ్మరాదని దైవప్రవక్త (స) నిషేధించారు. 'ప్రీ-లాంచ్' పేరుతో అనుమతి రాకముందే, కొన్ని సందర్భాలలో భూమి కూడా చేతికి రాకముందే డబ్బు తీసుకోవడం ఈ నిషేధానికి ఎంత దగ్గరగా ఉందో ఆలోచించండి. మన సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్‌లో ప్రీ-లాంచ్ ఫ్లాట్ల పేరిట డబ్బు వసూలు చేసిన ఒక సంస్థ అధిపతి 2022 డిసెంబరులో అరెస్టయ్యారు. కొన్నవారు మాత్రం ఇళ్లూ లేక, డబ్బూ చేతికి రాక తిరిగారు. 'హలాల్ లాభం' అన్న మాట ఉన్నంత మాత్రాన భద్రత రాదు. బెంగళూరులో ఐఎంఏ సంస్థ 2019 జూన్‌లో కూలిపోయినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు వీధిన పడ్డాయి. అక్కడ గడ్డాన్ని చూసి నమ్మారు, లెక్కలు చూడలేదు.

2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన లేదా ఎనిమిదికి మించిన ప్లాట్ల వెంచర్ రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వరాదు, బుకింగ్ తీసుకోరాదు. ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో పదో వంతుకు మించి వసూలు చేయరాదు. కరపత్రం మీద రెరా నంబరు లేకపోతే సంభాషణ అక్కడే ముగించవచ్చు.

ఎవరి డబ్బు, ఎవరి పేరు?

గల్ఫ్‌లో ఉన్న బిడ్డల విషయంలో రెండు మాటలు. విదేశీ మారక నిర్వహణ చట్టం ప్రకారం ప్రవాస భారతీయులు మన దేశంలో వ్యవసాయ భూమిని కొనడానికి వీలులేదు. గుంటల లెక్కన అమ్మే 'ఫామ్ ప్లాట్లు' చాలావరకు వ్యవసాయ భూమిగానే రిజిస్టర్ అవుతాయి. అక్కడ ఇల్లు కట్టుకునే అనుమతి కూడా దానంతట అది రాదు. ఇక తమ్ముడి డబ్బుతో అన్న తన ఒక్కని పేరున కొంటే బినామీ చట్టపు చిక్కులు రావచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు పదేళ్ల తరువాత అన్నదమ్ముల నడుమ వస్తుంది.

అప్పు లావాదేవీని రాసి పెట్టుకొమ్మని, సాక్షులను ఉంచుకొమ్మని అల్లాహ్ బఖరా సూరాలో ఎంతో వివరంగా ఆదేశించాడు. రాసుకోవడం అపనమ్మకం కాదు, అది బంధుత్వానికి కంచె. భార్య మహర్ సొమ్ము, నగలు ప్లాటులో కలిస్తే ఆ మేరకు ఆమె వాటా ఆమె పేరున రాయించండి. మేము ఆనాడు అది చేయలేదు. ఆలస్యంగానైనా ఇటీవల రాయించాము.

వడ్డీ అప్పుతో ప్లాటు కొనడం గురించి వేరుగా చెప్పనక్కరలేదు. అది నిషిద్ధం. లోకరీతిలో చూసినా, పెరుగుతుందో లేదో తెలియని ధర మీద, తప్పక పెరిగే బాకీని కట్టుకోవడం వివేకం కాదు.

చాలామంది మరచిపోయే విషయం జకాత్. తిరిగి అమ్మే ఉద్దేశంతోనే కొన్న ప్లాటు వ్యాపార సరుకు. జకాత్ చెల్లించే రోజున దానికున్న మార్కెట్ విలువ మీద ఏటా రెండున్నర శాతం విధి అవుతుంది. నివాసం కోసం కొన్న స్థలం మీద జకాత్ లేదు. 12 లక్షల ప్లాటుకు ఏటా 30 వేలు. లాభం లెక్క వేసేటప్పుడు ఈ హక్కును కూడా లెక్కలో వేసుకోవాలి.

సంప్రదింపు, ఇస్తిఖారా

ఇస్తిఖారా నమాజును కొందరు లాటరీగా భావిస్తున్నారు. కల వస్తే కొంటాము, రాకపోతే మానుకుంటాము అంటారు. విచారణ పూర్తిచేసి, తెలిసినవారితో సంప్రదించి, ఒక నిర్ణయానికి వచ్చి, అందులో మేలుంటే సులభం చేయమని, కీడుంటే తప్పించమని వేడుకోవడమే ఇస్తిఖారా. సంప్రదింపు ఇంట్లోనే మొదలు కావాలి. స్త్రీలకు భూమి సంగతులు తెలియవనుకోవడం మా అనుభవంలో చాలా ఖరీదైన అపోహ.

ఆ ఆదివారం మేము చాచాతో కలిసి ఆ స్థలానికి వెళ్లాము. రహదారి నుండి లోపలికి చాలా దూరం మట్టిబాట. రెరా నంబరు అడిగితే 'ప్రాసెస్‌లో ఉంది' అన్నారు. కాగితాలలో అది వ్యవసాయ భూమి. చాచా కాసేపు ఆ పాతిన రాళ్ల వైపు చూసి, "మౌలానా సాబ్, ధర పెరగకపోతే నా కొడుకు ఇంకో ఆరేళ్లు అక్కడే ఉండాలి కదా" అన్నారు. టోకెన్ కట్టలేదు.

కొన్ని వారాల తరువాత మళ్లీ మసీదు మెట్ల దగ్గర కలిశారు. కొడుకుతో ఫోన్లో మాట్లాడారట. తండ్రి నాటి ఇంట్లో తన చెల్లెలికి రావలసిన వాటా ముప్పై ఏళ్లుగా ఇవ్వలేదని మొదటిసారి బయటపెట్టారు. కొడుకే ముందు అది ఇచ్చేయమన్నాడట. ఇంటికి పెద్దమనుషులతో వెల కట్టించి, ఆమె వాటా ఆమెకు అప్పగించి, కాగితం రాయించుకున్నారు. "ఇప్పుడు ఆ ఇల్లు నాది" అన్నారు.

అల్లాహ్ మనందరికీ ధర్మసమ్మతమైన సంపాదనను, అందులో శుభాన్ని, ఇతరుల హక్కులను గుర్తించే చూపును ప్రసాదించుగాక. ఆమీన్.